ఊడిన పన్నును ఎండనివ్వకండి

రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం మా అక్క కొడుకు పై వరుసలో ముందు పన్ను ఒకటి వేరుతో సహా ఊడి కింద పడిపోయింది. వాడికప్పుడు 8 ఏళ్ళు. అక్క పని మీద వేరే ఊరు వెళ్తూ వాణ్ణి నా దగ్గర వదిలింది. పిల్లలంతా పట్టుకునే ఆట ఆడుతున్నారు, వీడు వెనక్కి చూసుకుంటూ పరిగెత్తి ఎదురుగా వస్తున్న ఇంకో పిల్లాడి తలకి మూతి గుద్దుకున్నాడు. "పిన్నీ!" అని ఒక్క కేక వినపడింది. నేను వెళ్ళేసరికి నోరంతా రక్తం, చొక్కా ముందు భాగమంతా రక్తం, వాడు ఏడవడం కూడా మర్చిపోయి నాలుకతో ఆ ఖాళీని తడుముకుంటున్నాడు.

పన్ను ఇసుకలో పడి ఉంది. తీసి అరచేతిలో పెట్టుకున్నాను. పాలపళ్ళు ఊడినప్పుడు చిన్న పెంకులా వస్తాయి కదా, ఇది అలా లేదు. నోట్లో కనిపించే భాగం ఎంత ఉందో లోపల దాక్కునే వేరు కూడా దాదాపు అంత ఉంది. పై భాగం అంచు చిన్న రంపంలా మూడు గుబ్బలుగా ఉంది, వేరు లేత పసుపు రంగులో, కొన దగ్గర సన్నటి గొట్టంలా తెరుచుకుని ఉంది. వేరు మీద అక్కడక్కడా తడిగా, ఎర్రగా ఏదో అంటుకుని ఉంది. అది రక్తమేమో, మురికేమో అనుకున్నాను. మేం కాపాడుకోవాల్సిందల్లా అదేనని నాకప్పుడు తెలియదు.

నేను చేసిన పని ఏంటంటే, ఆ పన్నుని ఒక టిష్యూ పేపర్లో చుట్టి బ్యాగులో వేసుకున్నాను. డాక్టర్‌కి చూపించడానికి పనికొస్తుందనుకున్నానే గానీ, ఊడిన పన్నుని మళ్ళీ అదే చోట పెట్టొచ్చన్న ఆలోచనే రాలేదు. పిల్లాడి నోరు కడిగించి, శుభ్రమైన గుడ్డ మడిచి ఊడిన చోట పెట్టి కొరకమన్నాను. మొదట ఫోన్ చేసిన చోట, రక్తం ఆగుతోందంటే కంగారేం లేదు, రేపు ఉదయం తీసుకురండి అన్నారు. మనసొప్పక ఇంకో డెంటిస్ట్ నంబర్ వెతికి చేశాను. ఆవిడ పిల్లాడి వయసు అడిగి, వెంటనే అడిగిన రెండో మాట, "పన్ను దొరికిందా అమ్మా? ఎందులో పెట్టారు?"

టిష్యూలో అన్నాను.

"ముందు దాన్ని పాలలో వేయండి. తర్వాత మాట్లాడదాం."

అప్పటికి సుమారు 20 నిమిషాలు అయిపోయింది. ఆ 20 నిమిషాల గురించే ఈ పోస్టంతా. ఎందుకంటే ఆ తర్వాత ఎంతమందిని అడిగినా, నాలాగే టిష్యూలో చుట్టేవాళ్ళే ఎక్కువ. కొందరు సబ్బుతో కడిగేస్తామన్నారు, ఇంకొందరు నీళ్ళ గ్లాసులో వేస్తామన్నారు, ఒకాయన అయితే పారేస్తాం, ఇంకెందుకు పనికొస్తుంది అన్నాడు. వీళ్ళంతా పిల్లల మీద ప్రాణం పెట్టుకున్నవాళ్ళే. ఎవరూ చెప్పలేదు, అంతే.

విషయం ఏంటంటే, పన్ను ఎముకలోకి మేకులా దిగి ఉండదు. వేరుకీ దవడ ఎముకకీ మధ్య సన్నటి నారల పొర ఒకటి ఉంటుంది, దాన్ని పెరియోడాంటల్ లిగమెంట్ అంటారు. పన్నుని ఎముకకి కట్టి ఉంచేది అదే. గట్టి దెబ్బ తగిలి పన్ను ఊడినప్పుడు ఆ పొర మధ్యకి తెగి, కొంత ఎముక వైపు, కొంత వేరు మీద ఉండిపోతుంది. వేరు మీద నేను చూసిన ఆ తడి పొర అదే. అందులో కణాలు అప్పటికి ఇంకా బతికే ఉంటాయి. అవి బతికుండగా పన్నుని దాని గూట్లో పెట్టేస్తే తెగిన నారలు మళ్ళీ కలుసుకుంటాయి. గాలికి ఎండిపోతే మాత్రం చచ్చిపోతాయి, అదీ గంటల్లో కాదు, నిమిషాల్లో. 15 నిమిషాల లోపు వెనక్కి పెట్టిన పన్నుకి ఉన్న అవకాశం ఇంక దేనికీ లేదు. పొడిగా 30 నిమిషాలు ఉంటే ఆ కణాల్లో చాలావరకు పోయినట్టే. టిష్యూ పేపర్ పని ఏంటి, తడి పీల్చడం. నేను సరిగ్గా దానిలోనే చుట్టాను.

కాబట్టి అన్నిటికంటే మంచి పని, అక్కడికక్కడే పన్నుని తిరిగి గూట్లో పెట్టేయడం. చదివితే ఒళ్ళు జలదరిస్తుంది, నాకూ అలాగే అనిపించింది. "ఇది డాక్టర్ చేయాల్సిన పని కదా, నేను పెడితే ఏమైనా అయితే" అని డెంటిస్ట్‌ని అడిగాను కూడా. ఆవిడ చెప్పింది ఇదీ: కాస్త వంకరగా పెట్టినా నేను సరిచేయగలను, ఎండిపోయిన వేరుని మాత్రం సరిచేయలేను. అదీగాక దెబ్బ తగిలిన కొత్తలో ఆ చోటు కొంత మొద్దుబారి ఉంటుంది, గూడులో రక్తం ఇంకా గడ్డకట్టి ఉండదు, పన్ను అనుకున్నంత కష్టం లేకుండా లోపలికి జారుతుంది.

ఎలా పెట్టాలంటే, ముందుగా పన్నుని నోట్లో కనిపించే భాగం దగ్గరే పట్టుకోవాలి, వేరుని వేళ్ళతో ముట్టుకోకూడదు. మట్టి అంటుకుని ఉంటే పాలతో గానీ సెలైన్‌తో గానీ మెల్లగా కడగాలి. అవి చేతిలో లేకపోతే చల్లటి కుళాయి నీళ్ళ కింద ఒక 10 సెకన్లు, అంతకు మించి వద్దు. రుద్దడం, గీకడం, బ్రష్ పెట్టడం, సబ్బు, డెట్టాల్, స్పిరిట్ ఇవేవీ దగ్గరికి రాకూడదు. ఎర్రగా ఏదో వేలాడుతున్నట్టు కనిపించినా పీకకండి. తర్వాత పక్క పన్ను చూసుకుంటూ, నున్నగా కొంచెం ఉబ్బెత్తుగా ఉన్న వైపు పెదవి వైపు వచ్చేలా, గుంటలా ఉన్న వైపు నాలుక వైపు వచ్చేలా తిప్పి, నెమ్మదిగా గూట్లోకి నొక్కాలి. బలవంతం చేయొద్దు. దిగాక శుభ్రమైన గుడ్డ మడిచి ఇచ్చి కొరికి పట్టుకోమనాలి, అలాగే పట్టుకుని డెంటిస్ట్ దగ్గరికి వెళ్ళాలి.

ఈ పని చేయలేని పరిస్థితులు నిజంగానే ఉంటాయి. పిల్లాడు వణికిపోతూ నోరు తెరవడు, చిగురు చినిగి ఉంటుంది, పక్క పళ్ళూ కదిలిపోయి ఉంటాయి, లేదా మనకే చేతులు ఆడవు. అలాంటప్పుడు దాంతో కుస్తీ పడుతూ సమయం పోగొట్టుకోవద్దు, పన్నుని ఏదో ఒక సరైన తడిలో వేసేయాలి, అదీ వెంటనే. పన్ను దెబ్బలకి ప్రపంచవ్యాప్తంగా డెంటిస్టులు చూసుకునే మార్గదర్శకాలు ఇంటర్నేషనల్ అసోసియేషన్ ఆఫ్ డెంటల్ ట్రామటాలజీ అనే సంస్థ ఇస్తుంది. 2020లో వచ్చిన వాటిలో కూడా ఇంట్లో దొరికేవాటిలో పాలకే మొదటి చోటు. హ్యాంక్స్ ద్రావణం అని ఇందుకు బాగా పనికొచ్చే ద్రవం ఒకటి ఉంది, అది ఉంటే మంచిదే, కానీ పిల్లలు ఆడుకునే చోట అది ఎవరి దగ్గరుంటుంది చెప్పండి.

పాలే ఎందుకని నేనూ అడిగాను. మామూలు నీళ్ళలో లవణాలు మన ఒంట్లో ఉన్నంత ఉండవు, అందుకని నీళ్ళు కణాల లోపలికి చొరబడిపోయి అవి ఉబ్బి పగిలిపోతాయి. పాల గాఢత మన కణాలకి దాదాపు సరిపోతుంది, పులుపు కూడా ఉండదు, పైగా కణాలకి కాస్త ఆహారం దొరుకుతుంది. చల్లటి పాలైతే ఇంకా మేలు. వెన్న తీసినవా తీయనివా అని ఆలోచిస్తూ నిలబడక్కర్లేదు, చక్కెర, రంగు, రుచి కలపని మామూలు పాలు చాలు. ఒక్క సంగతి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి: పాలు చనిపోయిన కణాల్ని బతికించవు. బతికున్నవాటిని కొన్ని గంటలు ఆపి ఉంచుతాయి, అంతవరకే. నేను 20 నిమిషాలు ఎండబెట్టి తర్వాత పాలలో వేశాను కదా, పాలు ఆ తర్వాత నష్టాన్ని ఆపాయి గానీ ముందు జరిగినదాన్ని వెనక్కి తేలేదు.

పాలు కూడా లేవనుకోండి, పిల్లాడి చేతే ఒక కప్పులో ఉమ్మించి ఆ ఉమ్మిలో పన్ను ఉంచొచ్చు. సెలైన్ ఉన్నా సరే. వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ ఉంటే దానిలో పన్నుని బిగుతుగా చుడితే తడి బయటికి పోకుండా ఉంటుంది, పాలు తెచ్చేలోగా అదీ పనికొస్తుంది. కాస్త పెద్ద పిల్లలైతే బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకోమని చెప్పేవాళ్ళున్నారు. నాకైతే ఏడుస్తున్న పిల్లాడి నోట్లో ఊడిన పన్ను పెట్టాలంటే భయం, మింగేయొచ్చు, ఊపిరితిత్తుల్లోకీ పోవచ్చు. కప్పులో ఉమ్మించడమే మంచిది. ఇవేవీ లేక నీళ్ళు ఒక్కటే ఉంటే? పొడిగా ఉంచేకంటే నీళ్ళే నయం.

మా వాడి పన్ను పాలలో పడ్డాక నాకు కాస్త ఊపిరి ఆడింది. చిన్న స్టీలు డబ్బాలో పాలు, అందులో పన్ను, ఆ డబ్బాని ఒళ్ళో రెండు చేతులతో పట్టుకుని వాడు దారిపొడుగునా మూత తీసి చూస్తూనే ఉన్నాడు. "పిన్నీ, అది బతికే ఉందా?" అని అడిగాడు. ఏం చెప్పాలో తెలియక "ఉంది నాన్నా" అన్నాను. అక్కకి ఫోన్ చేసి చెప్పడం ఇంకో గండం, అది వదిలేయండి.

డెంటిస్ట్ దగ్గరికి చేరేసరికి గంట దాటింది. ఆవిడ మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, గూడుని సెలైన్‌తో కడిగి, పన్నుని వేలితో మెల్లగా లోపలికి నొక్కింది. ఎక్స్‌రే తీసి సరిగ్గా కూర్చుందో లేదో చూసుకుంది. ఆ తర్వాత అటూ ఇటూ ఉన్న పళ్ళకి కలిపి ఒక సన్నటి తీగ అంటించింది, దాన్నే స్ప్లింట్ అంటారు. తీగ ఇంత సన్నంగా ఉంది, ఊడిపోదా అని నేనంటే, కావాలనే అలా పెడతామంది. పన్ను తినేటప్పుడు రవ్వంత కదులుతూ ఉంటేనే నారలు సరిగ్గా అతుక్కుంటాయట, బండలా బిగించేస్తే ఎముకే వేరుకి అంటుకుపోయే ప్రమాదం ఎక్కువట. 2 వారాలు ఆ తీగ ఉంది. యాంటీబయాటిక్ ఇచ్చారు, పన్ను మట్టిలో పడింది కాబట్టి టెటనస్ టీకాలు సరిగ్గా పడ్డాయా అని అడిగారు. ఆ 2 వారాలూ మెత్తటి తిండి, తిన్న ప్రతిసారీ మెత్తటి బ్రష్‌తో తోమడం, రోజుకి రెండుసార్లు క్లోర్‌హెక్సిడిన్‌తో పుక్కిలించడం, దెబ్బలు తగిలే ఆటలు బంద్.

ఇక్కడ పాలపళ్ళ సంగతి చెప్పకపోతే పొరపాటు అవుతుంది, ఎందుకంటే పైన చెప్పినదంతా శాశ్వత పళ్ళకే. పాలపన్ను ఊడితే దాన్ని మళ్ళీ పెట్టకూడదు. ఇది జరిగిన ఏడాదికి మా పాప, అప్పుడు దానికి 3 ఏళ్ళు, మంచం అంచుకి కొట్టుకుని ముందు పన్ను ఊడగొట్టుకుంది. ఈసారి నేను తెలివిగా పన్నుని పాలలో వేసి పరిగెత్తాను. డాక్టర్ మెచ్చుకుని, పెట్టను గానీ తెచ్చి మంచి పని చేశారు అంది. పాలపన్ను వేరుకి పైనే రాబోయే అసలు పన్ను మొగ్గ తయారవుతూ ఉంటుంది, ఊడినదాన్ని తిరిగి లోపలికి తోస్తే ఆ మొగ్గ దెబ్బతింటుంది. మరి తీసుకెళ్ళడం ఎందుకంటే, పన్ను మొత్తం వచ్చిందా, ముక్క లోపల విరిగి ఉందా, అసలది ఏ పన్ను అన్నది వాళ్ళు చూసుకోవాలి. కొన్నిసార్లు పన్ను ఊడిందనుకుంటాం గానీ అది చిగురులోకి దిగబడిపోయి ఉంటుంది, ఎక్స్‌రేలో తప్ప తెలియదు. ఇంకోటి, ఆ దెబ్బ ప్రభావం తర్వాత వచ్చే పన్ను మీద మచ్చలా కనిపించొచ్చని కూడా ముందే చెప్పారు.

ఏది పాలపన్ను, ఏది అసలుది అని గుర్తుపట్టడం పెద్ద కష్టం కాదు. 6 ఏళ్ళలోపు పిల్లలకి ముందు పళ్ళు దాదాపు ఎప్పుడూ పాలపళ్ళే. కింది ముందు పళ్ళు 6, 7 ఏళ్ళ మధ్య, పై ముందు పళ్ళు 7, 8 ఏళ్ళ మధ్య మారతాయి. కొత్త పన్ను పెద్దగా, కాస్త పసుపుగా, అంచున ఆ రంపం గుబ్బలతో ఉంటుంది. పాలపన్ను చిన్నది, బాగా తెల్లన. ఎంతకీ తేలకపోతే మీరు లోపల పెట్టొద్దు, పాలలో వేసి తీసుకెళ్ళండి, వాళ్ళు తేలుస్తారు.

ఇంత చెప్పినా, పన్ను కంటే ముందు చూడాల్సినవి ఉన్నాయి. పిల్లాడు స్పృహ తప్పినా, వాంతులు చేసుకుంటున్నా, మత్తుగా పొంతన లేకుండా మాట్లాడుతున్నా, రక్తం ఒత్తిపట్టినా ఆగకపోయినా, పన్ను సంగతి తర్వాత, నేరుగా ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్ళాలి. పన్ను ఎక్కడా దొరకలేదు, పిల్లాడికి దగ్గు, ఆయాసం వస్తున్నాయంటే అది గాలి గొట్టంలోకి పోయిందేమో చూడాల్సిందే. గుండె జబ్బు ఉన్న పిల్లలకి, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతున్న పిల్లలకి కూడా మీ అంతట మీరు పన్ను తిరిగి పెట్టకుండా ముందు డాక్టర్‌ని అడగండి.

ఇప్పుడు మా వాడి పన్ను ఎలా ఉందంటే, ఉంది. కానీ సాఫీగా సాగలేదు. ఆ వయసులో వేరు కొన ఇంకా తెరిచి ఉంటుంది కాబట్టి లోపలి నరానికి మళ్ళీ రక్తం అందే అవకాశం కొంత ఉంటుందని, అందుకే వెంటనే రూట్ కెనాల్ చేయకుండా కాస్త ఆగి చూశారు. పెద్దవాళ్ళలాగా వేరు పూర్తిగా తయారైన పన్నయితే 2 వారాల్లోపే మొదలుపెట్టేవాళ్ళట. నెల తర్వాత తీసిన ఎక్స్‌రేలో ఇన్ఫెక్షన్ కనిపించింది, చికిత్స మొదలుపెట్టారు. 3 నెలలకి, 6 నెలలకి, ఏడాదికి మళ్ళీ మళ్ళీ వెళ్ళాం. ఇలా కనీసం 5 ఏళ్ళు చూపించుకుంటూ ఉండాలట.

ప్రతిసారీ ఆవిడ నోట్లో పెట్టే చిన్న అద్దం ఉంటుంది కదా, దాన్ని తిరగేసి పిడితో పళ్ళ మీద ఒక్కోదాని మీద తడుతుంది. పక్క పన్ను మీద తడితే మెత్తగా, మొద్దుగా "టుక్" అంటుంది. ఈ పన్ను మీద తడితే "టింగ్" అని లోహం మీద కొట్టినట్టు వినిపిస్తుంది. నాకే తేడా తెలిసిపోతోంది. అంటే నారల పొర లేని చోట ఎముకే వేరుకి అతుక్కుపోయిందన్నమాట. ఎముక మెల్లమెల్లగా వేరుని తినేస్తూ దాని స్థానంలోకి వస్తుంది. పైగా వాడు ఎదిగే పిల్లాడు, పక్క పళ్ళు దవడతో పాటు కిందికి దిగుతుంటే ఇది మాత్రం ఎక్కడిదక్కడే ఆగిపోయి కురచగా కనిపించడం మొదలైంది.

"మరి అప్పుడు పెట్టడం వృథానా?" అని అక్క అడిగింది. కాదని చాలా గట్టిగా చెప్పింది ఆవిడ. పన్ను ఉన్నన్నాళ్ళూ అక్కడి ఎముక వెడల్పు తగ్గకుండా నిలబడుతుంది. లేకపోతే ఆ చోట ఎముక కుంగిపోతుంది, ఎదుగుదల పూర్తయ్యేదాకా ఇంప్లాంట్, అంటే ఎముకలో బిగించే కృత్రిమ పన్ను, పెట్టడానికి కుదరదు, అప్పటికి పెట్టేందుకు ఎముకే మిగలదు. ఆలస్యమైనా సరే, ఎండినా సరే, చాలాసార్లు పన్నుని తిరిగి పెట్టడమే మేలు అని వాళ్ళు అనేది అందుకే. కాబట్టి గంట దాటిపోయింది కదా, ఇంకేం లాభం అని ఊడిన పన్నుని పారేయకండి. దానితోనే వెళ్ళండి.

వాడు ఇప్పుడు ఆటలకి మౌత్ గార్డ్ పెట్టుకుని వెళ్తున్నాడు, పళ్ళ అచ్చు తీసి చేయించాం. పై పళ్ళు ముందుకి పొడుచుకొచ్చిన పిల్లలకి ఇలాంటి దెబ్బలు ఇంకా ఎక్కువ తగులుతాయి, అలాంటివాళ్ళు ఉంటే ముందుగానే ఒకసారి చూపించండి. వాళ్ళ స్కూల్లో ఆటల మాస్టారిని కలిసి ఇదంతా చెప్పాను. ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో మూత ఉన్న ఒక చిన్న సీసా, సెలైన్ ప్యాకెట్లు కొన్ని పెట్టించారు, డబ్బా మూత లోపలి వైపు "పన్ను ఊడితే పాలు, టిష్యూ వద్దు" అని ఆయనే పెద్ద అక్షరాలతో రాసి అంటించారు.

మొన్న చెకప్‌లో పక్క పన్నుకీ దీనికీ మధ్య ఎత్తు తేడా కొలిచారు, ఒక మిల్లీమీటరు దాకా ఉంది. 6 నెలల తర్వాత మళ్ళీ కొలుస్తారు.